మోడెం మార్చకండి మాస్టారూ, ముందు లైను వినండి

ప్రశ్న (ఫోను లైను మీద డయల్ చేసి ఇంటర్నెట్ వాడిన విండోస్ 98 రోజుల నాటిది): మాది కోనసీమలో అమలాపురానికి దగ్గరి పల్లె. ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. అమ్మాయి అమెరికాలో ఉంటుంది, మనవడి ఫొటోలు మెయిల్‌లో పంపుతుంది. మా కంప్యూటర్‌లో విండోస్ 98, లోపల అమర్చిన 56కె మోడెం (ఫోను లైను మీదుగా ఇంటర్నెట్‌కు కలిపే పరికరం) ఉన్నాయి. కనెక్ట్ కాగానే తెర మీద వేగం, సెకనుకు ఇన్ని బిట్లని, 26,400 అనో 24,000 అనో కనిపిస్తుంది. వాన పడితే 19,200కి దిగుతుంది, మధ్యలో తెగిపోతుంది కూడా. ఒక్క ఫొటోకు పావుగంట పట్టిన రోజులున్నాయి. రాజమండ్రిలో మా తమ్ముడి ఇంట్లో ఇదే రకం మోడెం 45,333 చూపిస్తోంది. మాకు హాల్లో ఒక ఫోను, పడకగదిలో ప్యారలల్ ఫోను, దాని పక్కన కాలర్ ఐడీ పెట్టె ఉన్నాయి. మేడ మీద కంప్యూటర్‌కు పట్టీలాంటి ఫ్లాట్ వైరు లాగించాం. షాపతను నాలుగు వేలు పెట్టి బయట పెట్టుకునే మోడెం కొనమంటున్నాడు. ఒక స్నేహితుడు లైనుకు కండెన్సర్ కట్టమంటున్నాడు. లైన్‌మన్ వచ్చి చూసి, మాట బాగానే వినిపిస్తోంది కదా అని వెళ్లిపోయాడు. నేను ఏం చేయాలి?

సమాధానం:

మాస్టారూ, నాలుగు వేలు ఇప్పుడే ఖర్చు పెట్టకండి. కండెన్సర్ అసలే వద్దు. మీరు రాసినదాన్ని బట్టి మోడెం తన పని తాను చేస్తోంది. దానికి అందుతున్న లైనే బాగా లేదు. ఆ లోపంలో కొంత మీ ఇంట్లోనే ఉంది, కొంత మీ గోడ బయట ఉంది. ఎక్కడ ఎంత ఉందో తేల్చడానికి ఒక మధ్యాహ్నం తీరిక, ఒక స్క్రూడ్రైవర్ సరిపోతాయి.

లైను బాగయ్యేలోపు ఒక పని చేయండి. ఫొటోలను 640 చుక్కల వెడల్పుకు తగ్గించి పంపమని అమ్మాయికి రాయండి. డిజిటల్ కెమెరా నుంచి నేరుగా వచ్చిన ఫొటో 1 ఎంబీ ఉందనుకుందాం. 26,400 వేగంతో అది దిగడానికి, ఎక్కడా ఆగకపోయినా, ఐదు నిమిషాలకు పైగా పడుతుంది. తగ్గించిన ఫొటో 100 కేబీకి అటూ ఇటూగా ఉంటుంది, అర నిమిషంలో వచ్చేస్తుంది. తెర మీద చూసుకోవడానికి ఆ పరిమాణం చాలు. అచ్చు వేయించుకోవాలనుకున్న ఒకటి రెండు ఫొటోలు మాత్రం పెద్దవిగా పంపించుకోండి.

ఇక లైను సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఉపయోగపడినవి మీరు రాసిన అంకెలు. 26,400, 24,000, 19,200 మూడూ 2,400తో నిశ్శేషంగా భాగించబడతాయి. మీ తమ్ముడుగారి 45,333 అలా భాగించబడదు. ఈ తేడా యాదృచ్ఛికం కాదు. మోడెంలు మాట్లాడుకునే పద్ధతుల్లో వి.34 అనేది ఒకటి. అది 2,400 చొప్పున మెట్లు ఎక్కుతుంది. దాని చివరి మెట్టు 33,600. 1998లో వచ్చిన వి.90 వేరు. అది 28,000 దగ్గర మొదలై 1,333 చొప్పున ఎక్కుతుంది, అందుకే 44,000, 45,333, 46,667 లాంటి అంకెలు కనిపిస్తాయి. మోడెం పెట్టె మీద రాసే 56కె అనేది ఈ రెండో పద్ధతి పైకప్పు. దాన్ని నిజంగా అందుకున్న ఇల్లు నేను చూడలేదు. మంచి లైను మీద 44,000 నుంచి 50,000 మధ్య వస్తే అది చాలా బాగున్నట్టే.

కాబట్టి మీ మోడెం వి.90ని వదిలేసి వి.34లో పనిచేస్తోంది, వి.34లో కూడా పై మెట్టుకు చేరడం లేదు. ఇవి రెండు వేర్వేరు సమస్యలు. ఒకటి: వి.90 ఎందుకు కుదరడం లేదు? రెండు: కనీసం 33,600 అయినా ఎందుకు రావడం లేదు? మొదటిది మీ చేతిలో ఉండకపోవచ్చు. రెండోది చాలావరకు మీ చేతిలోనే ఉంది. ఈ రెంటినీ కలిపేసుకుని, 45,333 వచ్చేదాకా మోడెంల మీద డబ్బు పోసి విసిగిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు ఆ దారి పట్టకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి సమస్య అర్థం కావాలంటే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఏం జరుగుతుందో తెలియాలి. మీ ఇంటి నుంచి రాగి తీగ మీద వెళ్లిన ధ్వనిని ఎక్స్ఛేంజి సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్ల అంకెగా మారుస్తుంది. అంటే సెకనుకు 64,000 బిట్లు. ఇలా కొలిచేటప్పుడు ప్రతిసారీ అసలు విలువను దగ్గరి అంకెకు సర్దాలి కాబట్టి కొద్దిపాటి రొద పుడుతుంది. ఆ రొదే వి.34ను 33,600 దగ్గర ఆపేస్తుంది. వి.90 దీన్ని ఒక తెలివైన దారిలో దాటింది. ఇంటర్నెట్ సంస్థ తన వైపు మోడెంలను ఎక్స్ఛేంజికి డిజిటల్‌గానే కలిపితే, అక్కడి నుంచి మీకు వచ్చే దారిలో ధ్వనిని అంకెలుగా మార్చే అవసరమే ఉండదు. అంకెలు మీ ఎక్స్ఛేంజి దాకా అంకెలుగానే వచ్చి, చివరి రాగి తీగ మీద మాత్రమే ధ్వనిగా మారతాయి. అందుకే దిగుమతి వేగం పెరుగుతుంది. మీరు పంపే దిశలో మాత్రం వి.90కి కూడా 33,600 దాటదు.

షరతు ఒక్కటే. మధ్యలో ఇంకెక్కడా ధ్వనిగా మారి మళ్లీ అంకెలుగా మారకూడదు. పల్లెల్లో ఉన్న చిన్న ఎక్స్ఛేంజిని పట్నంలోని పెద్ద ఎక్స్ఛేంజికి పాత అనలాగ్ మార్గం ద్వారా కలిపి ఉంటే ఈ షరతు తప్పుతుంది. ఎక్స్ఛేంజి యంత్రం కొత్తదే అయినా, ప్రభుత్వ సంస్థ సీడాట్ వారి డిజిటల్ యంత్రమే అయినా, దారి అనలాగ్ అయితే వి.90 రాదు. ఒకే రాగి జత మీద ఇద్దరు చందాదారులను నడిపే పెయిర్ గెయిన్ పెట్టె మీ లైనులో ఉన్నా రాదు. ఫోను వైర్‌లెస్ లోకల్ లూప్ పద్ధతిలో, అంటే ఎక్స్ఛేంజి నుంచి తీగ లేకుండా రేడియో ద్వారా, ఇచ్చినదైతే, దాని ఫోను సాకెట్‌కు మోడెం తగిలించి వి.90 ఆశించడం అనవసరం. మీరు వైరు గురించి రాశారు కాబట్టి మీది అది కాదు.

దీన్ని తేల్చడానికి ఎక్స్ఛేంజి లోపలికి వెళ్లనక్కర్లేదు. మీ ఊళ్లో, అదే ఎక్స్ఛేంజి కింద ఇంటర్నెట్ వాడే ముగ్గురు నలుగురిని వాళ్ల తెర మీద ఏ అంకె కనిపిస్తోందో అడగండి. ముఖ్యంగా ఎక్స్ఛేంజికి దగ్గరగా ఉన్న ఇంటివాళ్లను, మీరు వాడే ఇంటర్నెట్ సంస్థనే వాడేవాళ్లను అడగండి. వాళ్లలో ఒక్కరికైనా 40,000 దాటితే ఎక్స్ఛేంజి నుంచి సంస్థ దాకా దారి బాగుందన్నమాట. అప్పుడు లోపం మీ ఇంటికి, ఎక్స్ఛేంజికి మధ్యనే ఉంది. ఎవరికీ 33,600 దాటకపోతే మాత్రం ఊరంతటికీ ఉన్న పరిమితి అది. మీరు ఏ మోడెం కొన్నా, ఏ వైరు మార్చినా వి.90 రాదు. అప్పుడు మీ లక్ష్యం 31,200 లేదా 33,600, అదీ తెగకుండా నిలబడటం. రాజమండ్రితో పోల్చుకోవడం మానేయండి. అక్కడి ఎక్స్ఛేంజి వేరు, అక్కడి నుంచి సంస్థకు వెళ్లే దారి వేరు.

అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. ఎవరైనా 1,15,200 అని చెబితే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. అది కంప్యూటర్‌కు, మోడెంకు మధ్య ఉన్న వేగం. కొన్ని మోడెంలు లైను వేగానికి బదులు దాన్ని చూపిస్తాయి.

ఇప్పుడు రెండో సమస్య, అంటే మీ చేతిలో ఉన్నది.

లైన్‌మన్ మాట బాగానే వినిపిస్తోంది అన్నది అబద్ధం కాదు. మాటకు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా ఉన్న ధ్వని చాలు, అందులోనూ పై భాగం కొంత పోయినా మన చెవి మాటను పోల్చుకుంటుంది. మోడెంకు ఆ పై భాగమే ప్రాణం. వి.34 తన పై మెట్లు ఎక్కాలంటే ఈ ధ్వనుల పరిధిని రెండు చివరల దాకా వాడుకోవాలి. వి.90కి ఇంకా కొంచెం పైన కూడా కావాలి. చెవికి తెలియని చిన్న చిటపట మోడెంకు ఒక గుప్పెడు బిట్లను పాడు చేస్తుంది. అందుకే ఫోను బాగుండి మోడెం బాగుండకపోవడం పూర్తిగా సాధ్యమే.

అయినా మీ చెవినే మొదటి పరికరంగా వాడండి. హాల్లో ఫోను ఎత్తి 1 నొక్కండి. డయల్ టోన్ ఆగిపోతుంది. ఎక్స్ఛేంజి తర్వాతి అంకె కోసం కొన్ని సెకన్లు ఎదురుచూస్తుంది. ఆ నిశ్శబ్దాన్ని, మాట్లాడే భాగాన్ని చేత్తో మూసి, శ్రద్ధగా వినండి. పూర్తిగా నిశ్శబ్దంగా ఉంటే సంతోషం. సన్నగా గుంయ్ అనే నిలకడైన శబ్దం వస్తే అది కరెంటు తీగల నుంచి చేరిన 50 హెర్ట్జ్ రొద. ఆగి ఆగి చిటపటలాడితే ఎక్కడో జాయింటు వదులుగా ఉంది, లేదా తడిసింది. పక్కింటివాళ్ల మాటలు లీలగా వినిపిస్తే రెండు జతలు ఎక్కడో ఆనుకున్నాయి. ఈ పరీక్షను ఎండ రోజు ఒకసారి, వాన వెలిసిన వెంటనే ఒకసారి చేయండి. ట్యూబ్‌లైటు, ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్, యూపీఎస్ వేసి ఒకసారి, ఆపి ఒకసారి కూడా వినండి. కొన్ని ఇళ్లలో దోషి ఆ రెగ్యులేటరే.

ఆ తర్వాత అసలు పరీక్ష. బయటి నుంచి వచ్చిన డ్రాప్ వైరు మీ ఇంట్లోకి ప్రవేశించే చోట ఒక చిన్న రోజెట్ పెట్టె ఉంటుంది. కంప్యూటర్‌ను ఒక పూట మేడ మీది నుంచి దించి ఆ పెట్టె దగ్గరికి తీసుకురండి. శ్రమే, కానీ దీనికి మరో దారి లేదు. రోజెట్ మూత తీసి చూస్తే రెండు మరల కింద చాలా వైర్లు కలిపి బిగించి ఉంటాయి. అందులో బయటి నుంచి వచ్చిన జతను మాత్రం ఉంచి, ఇంట్లోకి వెళ్లే వైర్లన్నిటినీ విప్పేయండి. ఏది ఎక్కడుందో ముందే కాగితం మీద గీసుకోండి. తర్వాత పొట్టి వైరుతో మోడెంను నేరుగా ఆ మరలకు కలపండి. లైనులో మామూలుగా 48 వోల్టులు ఉంటాయి, గంట మోగేటప్పుడు 75 వోల్టుల దాకా వస్తుంది. ప్రాణాపాయం కాదు గానీ గట్టిగా జివ్వుమంటుంది. చేతులు పొడిగా ఉంచుకుని, పిడికి ప్లాస్టిక్ తొడుగున్న స్క్రూడ్రైవర్ వాడండి. మబ్బు పట్టిన రోజు ఈ పని పెట్టుకోకండి.

ఇలా కలిపి నాలుగైదుసార్లు కనెక్ట్ చేసి, వచ్చిన అంకెలు రాసుకోండి. ఒక్కసారితో నిర్ణయానికి రావద్దు. ప్రతిసారీ మీకు తగిలే దారి, అవతలి మోడెం వేరుగా ఉండవచ్చు. అంకె 26,400 నుంచి 31,200కో 33,600కో ఎక్కితే మీ ఇంటి లోపలి వైరింగే ఆ తేడాను తినేస్తోంది. ఏమీ మారకపోతే లోపం బయట ఉంది. మీ ఉత్తరం చదివిన నాకైతే రెండు చోట్లా ఉందనే అనిపిస్తోంది. మామూలు రోజుల్లోనే 26,400 దగ్గర ఆగడం ఇంటి వైరింగును, వానకు 19,200కి జారడం బయటి జాయింటును గుర్తు చేస్తున్నాయి.

ఇంటి లోపల ముందుగా అనుమానించాల్సింది మేడ మీదికి లాగిన ఆ ఫ్లాట్ వైరునే. అందులో రెండు తీగలూ పక్కపక్కనే సమాంతరంగా వెళతాయి. ఒక తీగ కరెంటు వైరుకు రెండోదానికంటే కాస్త దగ్గరగా ఉంటే చాలు, దాని మీద రొద ఎక్కువ చేరుతుంది, ఆ తేడా మోడెంకు వినిపిస్తుంది. రెండు తీగలనూ జడలా పెనవేస్తే ఒక్కో మెలికకూ తీగలు చోటు మార్చుకుంటాయి, రెండింటి మీదా సమానంగా చేరిన రొద ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. ఎక్స్ఛేంజి నుంచి వచ్చే కేబుల్‌లో ప్రతి జతా పెనవేసి ఉండేది ఇందుకే. అంత దూరం జాగ్రత్తగా వచ్చిన లైనును చివరి కొద్ది మీటర్లలో మనం పాడు చేసుకుంటున్నాం. ఫ్లాట్ వైరు ఫోను పెట్టెకు, గోడకు మధ్య రెండడుగులకు బాగుంటుంది. మేడ ఎక్కించడానికి పనికిరాదు.

దుకాణంలో పెనవేసిన జతలున్న టెలిఫోన్ కేబుల్ అడగండి. అర మిల్లీమీటరు మందం రాగి తీగ ఉన్నది తీసుకోండి, కొంచెం తొడుగు ఒలిచి మెలికలు ఉన్నాయో లేదో కళ్లతో చూసి మరీ కొనండి. కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ కేబుల్ దొరికితే ఇంకా మంచిది, అందులో ఒక్క జత వాడుకోండి. దాన్ని రోజెట్ నుంచి మోడెం దాకా మధ్యలో జాయింటు లేకుండా ఒకే ముక్కగా లాగించండి. కరెంటు వైర్లున్న కేసింగ్‌లోనే దీన్ని కూడా దూర్చడం మన ఇళ్లలో మామూలైపోయింది, అది చేయనివ్వకండి. కరెంటు వైరుకు కనీసం ఒక అడుగు దూరంలో వెళ్లాలి. ఎక్కడైనా దాటక తప్పకపోతే అడ్డంగా దాటాలి, పక్కపక్కన సాగకూడదు.

తర్వాత ప్యారలల్ ఫోను, కాలర్ ఐడీ. గంట మోగించడానికి ప్రతి ఫోనులోనూ లైనుకు అడ్డంగా ఒక కండెన్సర్ ఉంటుంది. ఫోను పెట్టేసి ఉన్నా అది లైను మీదే ఉంటుంది. ఒక్కొక్కటీ చిన్నదే, కానీ అవన్నీ, వాటికి వెళ్లే వైర్లూ కలిసి మోడెంకు కావలసిన పై ధ్వనులను నలిపేస్తాయి. మీ స్నేహితులు కండెన్సర్ కట్టమన్నప్పుడు వద్దన్నది అందుకే. మీ లైనులో ఉన్నవే ఎక్కువ. చవక కాలర్ ఐడీ పెట్టెల సంగతి చెప్పనక్కర్లేదు. కొన్ని తమ సొంత విద్యుత్తును లైను నుంచే పీల్చుకుంటాయి, అడాప్టర్‌తో నడిచేవి కొన్ని దాని రొదను లైనులోకి వదులుతాయి.

ఇవన్నీ పీకి పారేయమని చెప్పను, ఇంట్లో ఫోను అవసరం మొదటిది. రోజెట్ పక్కన రెండు తీగలనూ ఒకేసారి మార్చే టూ-వే స్విచ్ ఒకటి పెట్టించండి. డీపీడీటీ స్విచ్ అని రేడియో సామాన్ల దుకాణంలో అడిగితే ఇస్తారు, ఖరీదు చాలా తక్కువ. ఒక వైపు వేస్తే లైను హాల్లోకి, పడకగదికి, కాలర్ ఐడీకి వెళుతుంది. రెండో వైపు వేస్తే కొత్త కేబుల్ మీదుగా మోడెంకు మాత్రమే వెళుతుంది, మిగతావి పూర్తిగా విడిపోతాయి. ఇంటర్నెట్‌లో ఉన్నంతసేపూ ఎలాగూ ఫోన్లు రావు కాబట్టి నష్టం లేదు. పడకగదిలో ఎవరో రిసీవర్ ఎత్తడం వల్ల మెయిల్ తెగిపోయే బాధ కూడా పోతుంది. పని కాగానే స్విచ్ వెనక్కి వేయడం ఇంట్లో అందరికీ అలవాటు చేయండి, లేకపోతే బయటి నుంచి ఫోను చేసేవాళ్లకు గంట మోగుతున్నట్టే వినిపిస్తుంది, మీకు మోగదు.

లైను మీద కాల్ వెయిటింగ్ సౌకర్యం పెట్టించుకుని ఉంటే అది తీయించేయండి. మధ్యలో వచ్చే ఆ బీప్ శబ్దానికి మోడెం తడబడుతుంది.

ఇక గోడ బయట. అది టెలిఫోన్ సంస్థ ఆస్తి, మీరు చేయి పెట్టకండి. కానీ కింద నిలబడి కళ్లతో చూడవచ్చు. స్తంభం మీది డీపీ పెట్టె (కేబుల్ నుంచి ఒక్కో ఇంటికి లైను విడిపోయే చోటు) నుంచి మీ ఇంటిదాకా డ్రాప్ వైరు వెంట నడవండి. కొబ్బరి మట్టలు ఆనుకుని రాపిడి పెడుతున్నాయా, మధ్యలో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు ఉన్నాయా, ఇంట్లోకి వచ్చే చోట వైరు కిందికి వంగి లేక వాననీరు నేరుగా రోజెట్‌లోకి కారుతోందా, డీపీ పెట్టెకు మూత ఉందా. సముద్రపు గాలి తగిలే కోనసీమలో ఉత్త టేపు చుట్టిన రాగి జాయింటు త్వరగా చిలుము పడుతుంది. చిలుము పట్టిన జాయింటుకు ఒక విచిత్ర లక్షణం ఉంది. మీరు ఫోను చేసినప్పుడు గరగరలాడి, అదే ఫోను బయటి నుంచి మోగాక ఎత్తితే శుభ్రంగా వినిపిస్తుంది. గంట మోగించే ఎక్కువ వోల్టేజి ఆ చిలుము పొరను కాసేపు ఛేదిస్తుంది. మీ ఇంట్లో అలా జరుగుతోందేమో గమనించండి. జరుగుతుంటే లైన్‌మన్‌కు తప్పకుండా చెప్పండి, ఎక్కడ వెతకాలో ఆయనకు వెంటనే తెలుస్తుంది.

ఫిర్యాదు చేసే తీరు కూడా ముఖ్యం. టెలిఫోన్ ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేసి ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందని చెబితే, అది మా పని కాదనే సమాధానం వస్తుంది. ఫోను లైనులో చిటపట శబ్దం వస్తోంది, వానకు ఎక్కువవుతోంది అని చెప్పండి. అది నిజం, దాన్ని సరిచేయడం వారి బాధ్యత. ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. వాన వెలిసిన పూటే ఫిర్యాదు చేయడం మంచిది, ఎండలో వచ్చి పరీక్షిస్తే లైను అమాయకంగా కనిపిస్తుంది. ఎక్స్ఛేంజిలోని టెస్ట్ డెస్క్ నుంచి జతలోని ఒక్కో తీగకు (వాళ్లు 'ఎ' లింబ్, 'బి' లింబ్ అంటారు) భూమికి మధ్య, రెండు తీగలకు మధ్య ఇన్సులేషన్ కొలవమని అడగండి. మీ రెండు తీగల్లో ఒక్కటే తడి చెట్టు మీదుగా భూమికి కారుతుంటే లైను సమతుల్యం చెడి ఆ గుంయ్ శబ్దం మొదలవుతుంది. ఈ కొలత దాన్ని దాచకుండా బయటపెడుతుంది.

లైన్‌మన్ వచ్చినప్పుడు మూడు కోరండి. డీపీ నుంచి రోజెట్ దాకా జాయింట్లు లేని ఒకే డ్రాప్ వైరు. తప్పని చోట జెల్లీ నింపిన కనెక్టర్‌తో జాయింటు. అప్పటికీ శబ్దం పోకపోతే కేబుల్‌లో ఖాళీగా ఉన్న మరో పెయిర్. మూడోది చాలామంది అడగరు. భూగర్భ కేబుల్‌లో ఎక్కడో నీరు చేరిన జతను బాగు చేయడం కష్టం, ఖాళీ జత ఉంటే దానికి మార్చడం ఆయనకు చాలా తేలిక. స్తంభాలెక్కి ఊరంతటి లైన్లు చూసుకునే మనిషి ఆయన. మీరు రాసిపెట్టుకున్న అంకెలు, ఏ పూట ఏ శబ్దం విన్నారో ఆ కాగితం చూపించి మర్యాదగా అడిగితే, ఆయన శ్రమ సగం తగ్గించినట్టవుతుంది.

దూరం మాత్రం ఎవరూ మార్చలేరు. అర మిల్లీమీటరు రాగి జతకు కిలోమీటరుకు, పోనూ రానూ కలిపి, 170 ఓమ్‌లకు పైగా నిరోధం ఉంటుంది, దూరం పెరిగేకొద్దీ పై ధ్వనులు ముందుగా నీరసిస్తాయి. ఎక్స్ఛేంజి ఐదారు కిలోమీటర్లకు మించి ఉంటే 28,800 నిలకడగా వచ్చినా సంతృప్తి పడండి.

నిలకడ అన్నాను, దాని గురించి కాస్త. కనెక్ట్ అయిన క్షణంలో కనిపించే అంకె ఆరంభం మాత్రమే. తర్వాత రొద వచ్చినప్పుడల్లా మోడెంలు మాటలు ఆపి, లైనును మళ్లీ మొదటి నుంచి పరీక్షించుకుంటాయి. ఆ కొన్ని సెకన్లూ ఒక్క బిట్టు కూడా కదలదు. 31,200 దగ్గర కనెక్ట్ అయి మాటిమాటికీ ఆగే లైను కంటే 26,400 దగ్గర ఆగకుండా నడిచే లైను మీద మీ ఫొటో ముందు వస్తుంది. కాబట్టి ఒక పెద్ద ఫైలు దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. నాకు దాని మీదే ఎక్కువ నమ్మకం.

ఊరి విచారణలో ఎవరికీ వి.90 రావడం లేదని తేలితే, మోడెంను దాని కోసం ప్రయత్నించవద్దని చెప్పేయడం మంచిది. వృథా ప్రయత్నం పోయి త్వరగా, నిలకడగా కలుస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో మోడెమ్స్ తెరిచి, డయాగ్నొస్టిక్స్‌లో మోర్ ఇన్ఫో నొక్కితే మీ మోడెంలో ఏ కంపెనీ చిప్ ఉందో కనిపిస్తుంది. తర్వాత మోడెం ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఎక్స్‌ట్రా సెట్టింగ్స్ అనే గడిలో ఆదేశం ఇవ్వాలి. ఇక్కడ తెలుగులో రాస్తున్న వాటిని మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. లూసెంట్ చిప్ అయితే ఎస్38=0. యూఎస్ రోబోటిక్స్ అయితే ఎస్32=98. రాక్‌వెల్ లేదా కోనెక్సంట్ అయితే ప్లస్ గుర్తు, ఎంఎస్=వీ34. పని చేయకపోతే ఆ గడి ఖాళీ చేస్తే చాలు, మోడెం పాత స్థితికి వస్తుంది.

కంప్యూటర్ వైపు ఇంకో రెండు చిన్న పనులు. డయల్ చేసే కనెక్షన్ ప్రాపర్టీస్‌లో సర్వర్ టైప్స్ కింద టీసీపీ/ఐపీ ఒక్కటి ఉంచి నెట్‌బ్యూయి, ఐపీఎక్స్ టిక్కులు తీసేయండి, లాగాన్ టు నెట్‌వర్క్ కూడా తీసేయండి. కలిసే సమయం తగ్గుతుంది, వేగం పెరగదు. మోడెం తయారుచేసిన కంపెనీ కొత్త డ్రైవర్ ఇచ్చి ఉంటే మాత్రం వేసి చూడండి. లోపల అమర్చే చవక మోడెంలలో పని అంతా డ్రైవరే చేస్తుంది కాబట్టి కొన్నిసార్లు నిజంగానే తేడా కనిపిస్తుంది. వేగాన్ని రెట్టింపు చేస్తామంటూ సీడీల్లో అమ్మే సాఫ్ట్‌వేర్ ఏదైనా మీ దాకా వస్తే కొనకండి. తడిసిన జాయింటును సాఫ్ట్‌వేర్ ఆరబెట్టలేదు.

ఇంత చేశాక కొత్త మోడెం మాట. బయట పెట్టుకునే మంచి మోడెం రొద ఉన్న లైను మీద లోపలి చవక మోడెం కంటే ఒక మెట్టు పైన నిలబడటం నేను చూశాను. కానీ అది బాగైన లైను మీద పోల్చి తేల్చుకోవాల్సిన విషయం. తమ్ముడుగారి మోడెంనో, అమలాపురంలో తెలిసినవాళ్ల దగ్గరున్న బయటి మోడెంనో ఒక రోజు తెచ్చి, అదే లైను మీద, అదే పూట, అదే ఫైలుతో చూడండి. నిమిషాల్లో తేడా స్పష్టంగా కనిపిస్తేనే డబ్బు పెట్టండి.

ఏ మోడెం ఉన్నా, ఉరుము వినిపించగానే దాని వైరు గోడ దగ్గర పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. మీ పల్లెలో లైను స్తంభాల మీదుగా బయలు దాటి వస్తుంది, దూరంగా పడిన పిడుగు కూడా ఆ తీగ మీదుగా మోడెంను, ఒక్కోసారి దానితో పాటు మదర్‌బోర్డును కాల్చేస్తుంది. రోజెట్ దగ్గర రక్షణ పెట్టె పెట్టించుకుంటే మంచిదే. పెట్టిన తర్వాత మళ్లీ ఒకసారి కనెక్ట్ చేసి అంకె తగ్గలేదని చూసుకోండి, నాసిరకం పెట్టెలు వేగాన్ని కూడా అడ్డుకుంటాయి.